పదిహేడున్నర డిగ్రీలు

ఆయన పోయారని తెలుగు అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో చూసినప్పుడు నేను ఆఫీసులో నీళ్ళ సీసాల మీద లేబుళ్ళు అంటిస్తున్నాను. కెనడాలోని మిల్టన్‌లో మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న చిన్న ల్యాబ్ అది. బావుల నుంచీ కాలవల నుంచీ వచ్చిన నీళ్ళని పరీక్ష చేసి, నంబర్లు రాసి పంపడం నా ఉద్యోగం. మెసేజ్‌లో సూటు వేసుకున్న ఆయన పాత ఫొటో ఉంది. రిటైర్డ్ ఇంజినీరనీ, గుడి కట్టినప్పుడు ముందుండి పనిచేశారనీ, కుటుంబానికి ప్రగాఢ సానుభూతి అనీ రాశారు. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. వాగు సంగతి ఎవరూ రాయలేదు. నేనూ ఒక చేతులు జోడించిన బొమ్మ పెట్టి, ఫోను బోర్లించి, మళ్ళీ పనిలో పడ్డాను. ఆ పూట మూడు సీసాలకి తప్పు లేబుళ్ళు అంటించానని తర్వాత తెలిసింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. మేం స్టూడెంట్లం ఆయన్ని పేరు పెట్టి అనుకున్నది కూడా లేదు. ఎదురుగా ఉంటే అంకుల్, వెనకాలైతే చేపల అంకుల్.

చేపల అంకుల్ చేప తినరు. శుద్ధ శాకాహారి. గుడ్డు వేసిన కేకు కూడా ముట్టరు. ఆయన ఉండే ఇక్కడి కేంబ్రిడ్జ్‌లో ఏ తెలుగువాళ్ళ ఇంట్లో పార్టీ అయినా ఎవరో ఒకరు ఆయన్ని పట్టుకుని, పులుసు ఎప్పుడు పెడుతున్నారు అని అడిగేవారు. వాగులో ఎండాకాలం నీళ్ళు ఇరవై డిగ్రీలు దాటితే అవే ఉడికిపోతాయండీ, నేను పెట్టక్కర్లేదు అనేవారాయన. అందరూ నవ్వేవారు. ఆయన నవ్వేవారు కాదు, ఎందుకంటే ఆయన ఉన్న సంగతి చెబుతున్నారు, వాళ్ళు జోకు వింటున్నారు.

ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆయన పెద్ద పెద్ద శీతల గిడ్డంగులకి కూలింగ్ మిషన్లు డిజైన్ చేశారు. రిటైరయ్యాక ఊరి బయట, గ్రాండ్ నదిలో కలిసే ఒక చిన్న వాగు మీద మనసు పడింది. అందులో బ్రూక్ ట్రౌట్ అనే చేప ఉండేది. అది ఈ నేల మీద పుట్టి పెరిగిన చేప, చన్నీళ్ళు లేకపోతే బతకలేదు. నేల లోపలి నుంచి ఊట వచ్చి ఆ వాగుని చల్లగా ఉంచుతుంది. జీవితమంతా మిషన్లు కట్టి కరెంటు తగలేశాను, ఈ ఊట చేసే పని ఒక్క మిషనూ చెయ్యలేదమ్మా అని నాతో ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు. ఆ మాట అన్న ప్రతిసారీ కొత్తగా కనిపెట్టినట్టే అనేవారు.

మెడలో పాత బూటు లేసుకి కట్టిన థర్మామీటరు వేలాడుతుండేది. గుడికొచ్చినా తీసేవారు కాదు, చొక్కా లోపలికి తోసుకునేవారు. టీ ఇస్తే అందులో ముంచి చూసి, ఇంకా దిగాలి అని పక్కన పెట్టేవారు. ఆంటీ చూడకుండా ఇడ్లీ పిండిలో కూడా ముంచేవారట. చల్లగా ఉంది, వేడిగా ఉంది అనే మాటలు ఆయన నోట నేను వినలేదు. ఎవరైనా అంటే, ఎంత అని అడిగేవారు. అంతా చేసి వాగు దగ్గరికి వెళ్ళాక మాత్రం గొంతు తగ్గించేవారు. పసిపిల్ల నిద్రపోతున్న గదిలో మాట్లాడినట్టు మాట్లాడేవారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. రెండో నెలకి నేనూ గుసగుసలే.

నేను కెనడా వచ్చింది అందరూ వచ్చిన ఏడాదే. బస్సెక్కితే సగం మంది మనవాళ్ళే. ఒక్క గోడౌన్ ఉద్యోగానికి ఏజెన్సీ తలుపు ముందు పొద్దున్నే వందమంది స్టూడెంట్లు లైనులో నిలబడేవాళ్ళం, రెజ్యూమె తడవకుండా కవరులో పెట్టుకుని. ఒక బేస్‌మెంటులో ఆరుగురు అమ్మాయిలం ఉండేవాళ్ళం. బాత్రూం వాడుకునే టైం టేబుల్ ఫ్రిజ్ మీద అంటించి ఉండేది. నా కోర్సు పేరు ఎకోసిస్టమ్ రెస్టొరేషన్, పాడైపోయిన అడవుల్నీ వాగుల్నీ బాగుచేసే చదువు. అడవుల మీద ప్రేమతో చేరలేదు. ఖమ్మంలో కన్సల్టెన్సీ అతను, దీంట్లో సీటుంది, వీసా తొందరగా వస్తుంది అన్నాడు. అంతే.

ఆ దసరాకి గుడిలో భోజనాల దగ్గర ఈయన వరసలో ఉన్న ప్రతి స్టూడెంటునీ ఏం చదువుతున్నావు అని అడుగుతూ వస్తున్నారు. బిజినెస్, సప్లై చెయిన్, మళ్ళీ బిజినెస్, మళ్ళీ సప్లై చెయిన్. వింటూ సాంబారు కలుపుకుంటున్నారు. నేను నా కోర్సు పేరు చెప్పగానే విస్తరి పక్కన పెట్టి లేచి నిలబడ్డారు. అన్నం మధ్యలో లేచిన మనిషిని చూసి పక్కవాళ్ళు కంగారు పడ్డారు. నీకు చలి తట్టుకునే బూట్లున్నాయా అని అడిగారు నన్ను. లేవన్నాను. ఆ శనివారం తన కూతురి పాత బూట్లు కారులో వేసుకుని మా బేస్‌మెంటు ముందు ఆగారు.

మొదటి రోజు నాకు ఇప్పటికీ మొత్తం గుర్తుంది. నవంబరు, ఆకులన్నీ రాలిపోయాయి. ఛాతీ దాకా వచ్చే రబ్బరు సూటు ఇచ్చి నన్ను వాగులోకి దింపారు. నీళ్ళు మోకాలి లోతే. నేను ఒక అడుగు వేయబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"కాలు పెట్టే ముందు చూడమ్మా. అక్కడ గులకరాళ్ళు తోమినట్టు తెల్లగా ఉన్నాయి చూశావా? తల్లి చేప తోకతో ఒండ్రంతా ఊడ్చేసి గుడ్లు పెట్టి కప్పెట్టింది. అది పురిటిగది. చుట్టూ తిరిగి రా."

చుట్టూ తిరిగి వెళ్ళాను. నాలుగడుగుల దూరానికి పావుగంట పట్టింది. తర్వాత ఒడ్డున నన్ను కదలకుండా కూర్చోబెట్టారు. చాలాసేపటికి ఒక చేప వచ్చింది. జానెడు పొడవు, పొట్ట కుంకుమ రంగు, రెక్కల అంచున తెల్లటి గీత. ఒక పక్కకి వాలి తోకతో రాళ్ళని కొడుతోంది. కెనడా వచ్చాక మొదటిసారి నేను ఆ గంటలో షిఫ్టు గురించీ, అద్దె గురించీ, వీసా గురించీ అనుకోలేదు. ఆయన వైపు చూస్తే టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఎందుకండీ, చలి కదా అన్నాను. ఎంత అన్నారు.

చలికాలమంతా మంచులో నడిచి ఊటలు ఎక్కడ ఉన్నాయో గుర్తు పెట్టుకున్నాం. నీళ్ళు గడ్డకట్టని చోటల్లా ఊట ఉన్నట్టు. వసంతంలో ఒడ్డు పొడుగునా, గుచ్చితే చాలు చెట్టయ్యే విల్లో కొమ్మలు గుచ్చాం. నీడ పడితే నీళ్ళు చల్లగా ఉంటాయి. ఆయనకి చెట్టంటే పువ్వూ కాదు, కాయా కాదు, నీడ ఒక్కటే. మధ్యాహ్నం ఆంటీ కట్టిచ్చిన పులిహోర డబ్బా మూత తీసేవాళ్ళం. ఆయన తిన్నంతసేపూ తన చదువు రోజుల సంగతులు చెప్పేవారు గానీ ఏనాడూ నన్ను, మీ ఇంట్లో వాళ్ళేం చేస్తారు, ఎంత అప్పు చేసి వచ్చావు అని అడగలేదు. అడగనివాళ్ళు ఆ ఏడాది నాకు ఆయన ఒక్కరే తగిలారు.

ఆయన్ని పట్టి పీడిస్తున్నది ఒక కుంట. వాగు మధ్యలో ఒక రైతు ఎప్పుడో అడ్డుపలకలు వేసి నీళ్ళు నిలబెట్టుకున్నాడు. నిలబడ్డ నీళ్ళు ఎండకి కాగి, పలకల మీదుగా కిందికి పొర్లుతాయి. కింద ఉన్న చేపలకి ఆ వేడి ప్రాణాల మీదికి వస్తుందని ఆయన అనుమానం. రైతు పోయాడు, ముసలామె ఉంది. మా ఆయన కట్టుకున్న కుంట ఇది, ఊరికే అనుమానాల మీద తీయను, ఒక వేసవంతా నీళ్ళ వేడి కొలిచి చూపించండి, నా కుంట వల్లే చేపలు చస్తున్నాయని తేలితే పలకలు నా చేతులతో నేనే పీకేస్తాను అని ఆమె ఈయనకి మాటిచ్చింది. ఈయన ఆ మాట కోసం మూడేళ్ళు ఆమె చుట్టూ తిరిగారట. ఈ సంగతి అప్పుడు నాకు తెలియదు. కావాలనే చెప్పలేదు.

నీళ్ళలో వదిలేస్తే తనంతట తను వేడి రాసుకునే మీటర్లు, వాగు కోసం ఆయన నడిపే మా వాలంటీర్ల గుంపుకి రెండే ఉండేవి. ఒకటి వసంతం వరదలో కొట్టుకుపోయింది. మిగిలినది కుంటకి పైన పెట్టారు. కుంట కింద మనిషి వెళ్ళి కొలవాలి, రోజూ సాయంత్రం నాలుగింటికి, ఎందుకంటే వాగు అప్పుడే బాగా వేడెక్కి ఉంటుంది. ఆయనకి జూన్‌లో మోకాలి ఆపరేషన్ అయింది, ఒడ్డు దిగలేరు. ఆ పని నాకు అప్పజెప్పారు. వాళ్ళ ఇంటి హాల్లో కాలు చాపుకుని కూర్చుని, మెడలోంచి థర్మామీటరు తీసి నా చేతిలో పెట్టారు, ఒక నోట్‌బుక్కుతో పాటు.

"ఎందుకు కొలవమంటున్నానో ఇప్పుడు చెప్పను. చెబితే నీ కన్ను ఆ నంబరు వైపే పోతుంది. ఉన్నది రాయి. ఏ రోజైనా వెళ్ళలేకపోతే ఆ గడిలో గీత పెట్టు. ఎందుకు పెట్టావని నేనడగను."

సరే అంకుల్ అన్నాను. నిజంగానే సరే అనుకున్నాను.

మొదటి పదిహేను రోజులూ ఒక్కరోజు మానలేదు. బస్సు దిగి అరగంట నడిచి, నాలుగింటికల్లా నీళ్ళలో ఉండేదాన్ని. జూన్ కాబట్టి నీళ్ళు బాగానే ఉన్నాయి. పదిహేడు, పదిహేడున్నర, ఒక ఎండ రోజు పద్ధెనిమిదిన్నర. తర్వాత గోడౌన్‌లో మధ్యాహ్నం రెండు నుంచి షిఫ్టు వేశారు. స్టూడెంట్లు వారానికి ఇరవై గంటలకి మించి పనిచేయకూడదన్న రూలు ఆ ఏడాది తాత్కాలికంగా ఎత్తేశారు. గంటలు కావాలన్నవాళ్ళు ఎంతమందైనా ఉన్నారు, ఒక్కరోజు రానంటే మర్నాటి నుంచి పేరు ఉండదు. ఇది నా పాపానికి సాకుగా చెప్పడం లేదు. వెళ్ళకపోవడం తప్పే కాదు, ఆయనే చెప్పారు కదా, గీత పెట్టమని.

గీత పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. ఖాళీ గడి అంటే నాకు చిన్నప్పటి నుంచి భయం. మా డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ ప్రాక్టికల్ రికార్డు ఎలా రాసేవాళ్ళమో తెలిసినవాళ్ళకి తెలుసు. లోలకం ప్రయోగంలో జి విలువ తొమ్మిది వందల ఎనభై దగ్గర రావాలి. అందుకని ముందు ఆ విలువ వేసుకుని, వెనక్కి లెక్కగట్టి, ఊగిన సమయాలు గడుల్లో నింపేవాళ్ళం. మరీ సరిగ్గా వస్తే మేడంకి అనుమానం వస్తుందని ఒకటి రెండు చోట్ల కాస్త అటూ ఇటూ చేసేవాళ్ళం. రికార్డు నిండుగా ఉంటే ఎర్ర సిరాతో గుడ్ అని పడేది. లోలకాన్ని చేత్తో తాకకుండా ఫస్టు క్లాసులో పాసైనదాన్ని నేను.

ఆ అలవాటు విమానంలో నాతోనే వచ్చింది. వెళ్ళని మొదటి రోజు గోడౌన్ బ్రేక్ రూంలో కూర్చుని, ఆయనకి ఏ జవాబు కావాలా అని ఆలోచించాను. చెట్లు నాటారు, ఊటలు వెతికారు, చేపలు బతకాలని తపిస్తున్నారు. ఆయనకి నీళ్ళు చల్లగా ఉండాలి. పంతొమ్మిది దాటితే చేపకి ఇబ్బంది అని ఆయనే చెప్పారు. కాబట్టి పంతొమ్మిది దాటకూడదు. పదిహేడున్నర అని రాశాను. మర్నాడు పదిహేడు పాయింట్ తొమ్మిది. ఆ మర్నాడు, మరీ బాగుండదని, పద్ధెనిమిది పాయింట్ రెండు.

జులై అంతా అలాగే నంబర్లు వండాను. ఒక వారం ఎండ మండిపోయింది. పార్కింగ్‌లో నిలబడితే బూట్ల అడుగు నుంచి సెగ తగిలేది. ఆ వారం రాసిన అంకెల్ని చూసుకుని, కాస్త పెంచాను, కానీ పంతొమ్మిది లోపలే ఆపాను కదా అని నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ వారం వాగులో ఏం జరుగుతోందో అని ఒక్క క్షణం తట్టి ఉంటే, సెలవు రోజునైనా బస్సెక్కి వెళ్ళేదాన్నేమో. తట్టలేదు. సెలవు రోజు పడుకున్నాను.

ప్రతి శనివారం ఆయన ఫోన్ చేసేవారు. వాగు ఎలా ఉందమ్మా అనేవారు. చల్లగానే ఉందంకుల్ అనేదాన్ని. ఎంత అని అడగకుండా ఉండటానికి ఆయన ఎంత కష్టపడేవారో నాకు ఫోన్లో వినిపించేది. వేసవి అయ్యేదాకా నంబరు తెలుసుకోకూడదని తనకి తాను పెట్టుకున్న నియమం అది. సరే మంచిదే అనేవారు. మంచి మాట చెబుతుంటే ఈయనకి సంతోషం లేదేమిటా అని నాకు కొంచెం చిన్నతనంగా కూడా అనిపించేది. నేను అబద్ధం చెప్పి, మెచ్చుకోలేదని నొచ్చుకున్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

సెప్టెంబరు చివర్లో లైబ్రరీలో ఒక చిన్న గదిలో మీటింగు. వాలంటీర్లు పదిమంది, కుంట గల ముసలామె, చేతికర్రతో ఈయన. నోట్‌బుక్ నేను ఆ వారమే ఇచ్చాను, ఆఖరి పేజీలు నింపేసరికి ఆలస్యమైంది. దాన్ని ఆయన చూడకుండానే, గ్రాఫు గీసే వాలంటీరు చేతికి ఇచ్చేశారు. నా మీద నమ్మకం అంత. నేను వెనక వరసలో కూర్చున్నాను. ముసలామె ముందు వరసలో, పొలం బూట్లతోనే వచ్చింది. మీటింగు మొదట్లో ఈయన లేచి, ఎవరి మాట మీద ఏ సంగతి తేలబోతోందో అందరికీ చెప్పారు. అప్పుడు తెలిసింది నాకు. ఆయనకి కావలసింది చల్లటి నీళ్ళు కాదు. నీళ్ళు వేడెక్కుతున్నాయన్న నిజం. అది ఉంటే ఆ పలకలు వారంలో ఊడివచ్చేవి.

తెర మీద రెండు గీతలు వేశారు. కుంట పైన మీటరు రాసుకున్న గీత ఎండకి లేస్తూ, వానకి పడుతూ ఉంది. కుంట కింద నా గీత ఇస్త్రీ చేసినట్టు సాఫీగా పోతోంది. ఎండ మండిన వారంలో పై గీత పంతొమ్మిది దాటింది. నా గీత దానికి కిందే ఉంది.

ముసలామె కళ్ళద్దాలు పెట్టుకుని దగ్గరికెళ్ళి చూసింది. మీ లెక్క ప్రకారం నా కుంట నీళ్ళని చల్లబరుస్తోంది కదా అంది. వెటకారం లేదు, నిజంగానే అడిగింది. ఎవరో, ఇన్నేళ్ళూ ఈయన మిషన్లతో చేసిన పని ఆ కుంట కరెంటు లేకుండా చేస్తోందన్నారు. గదిలో నవ్వులు.

ఆయన నోట్‌బుక్ అడిగి తీసుకున్నారు. మొదటి పేజీ నుంచి ఒక్కొక్కటే తిప్పారు. ఆయన చదవడం లేదు, వెతుకుతున్నారు. దేనికోసమో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. వేసవంతా గోడౌన్‌లో పనిచేసిన అమ్మాయి నోట్‌బుక్కులో ఒక్క గీత కూడా లేదు. ఆఖరి పేజీ దాకా తిప్పి, మూసి, రెండు చేతులూ దాని మీద పెట్టుకున్నారు.

తర్వాత లేచి ఇంగ్లీషులో, మామూలు గొంతుతో చెప్పారు. ఈ రీడింగులు నమ్మదగినవి కావు, వెనక్కి తీసుకుంటున్నాను, పర్యవేక్షించవలసింది నేను, చెయ్యలేదు, తప్పు నాది. ఎవరు తీశారివి అని ఎవరో అడిగారు. నా బాధ్యతలో తీసినవి అన్నారు. వెనక్కి తిరిగి చూడలేదు. తిరిగి చూస్తే అందరూ ఆయన చూపు వెంట నా దాకా వచ్చేవారు. ముసలామె, నేను ఒక వేసవి అడిగాను, ఒక వేసవి ఇచ్చాను అంది. అవునండీ, ఇచ్చారు అన్నారాయన.

అప్పుడు లేచి నిలబడి, నేనే అని ఉంటే సరిపోయేది. కావలసింది ఒక్క మాట. నాకు కాలేజీ గుర్తొచ్చింది, వీసా గుర్తొచ్చింది, ఎవరైనా కంప్లైంట్ చేస్తే ఏమవుతుందో అని భయమేసింది. కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాను.

బయట వరండాలో ఆయన నా కోసం ఆగారు. నేను తల దించుకుని బూట్ల లేసులు కట్టుకుంటున్నాను, ఊడకపోయినా.

"బస్సుందా అమ్మా, దింపనా?"

"ఉందంకుల్."

"సరే. తీరిక చేసుకుని ఒకసారి ఇంటికి రా."

వెళ్ళలేదు. ఆయన రెండు మూడు మెసేజీలు పెట్టారు, ఎలా ఉన్నావు, బూట్లు సరిపోతున్నాయా అని. షిఫ్టులు ఎక్కువయ్యాయంకుల్, వచ్చే వారం తప్పకుండా వస్తాను అని జవాబు పెట్టేదాన్ని. తర్వాత మెసేజీలు ఆగిపోయాయి. చలికాలంలో ముసలామె పొలం అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయిందని విన్నాను. కొన్నవాళ్ళు గేటుకి తాళం వేసి, ఎవరూ లోపలికి రావద్దని బోర్డు పెట్టారు. ఆ మరుసటి వేసవిలో వాలంటీర్లు ఆ పొలం హద్దు బయట, కుంట కింద వాగంతా గాలించారట. ఒక్క ట్రౌట్ కనబడలేదు. ఈ సంగతి నాతో చదివిన అమ్మాయి ఫోన్లో మాటల మధ్యలో చెప్పి, సరే ఇంకేంటి అంది. ఆయన గుంపు పెద్దరికం వదిలేశారని కూడా తనే చెప్పింది. వయసైందని చెప్పారట.

నా సిగ్గులేనితనం అక్కడితో ఆగలేదు. చదువు అయిపోయాక ఈ ల్యాబ్ ఉద్యోగానికి అప్లై చేసినప్పుడు రిఫరెన్స్ లెటర్ కావలసి వచ్చింది. నన్ను పనిలో చూసినవాళ్ళు ఆయన తప్ప ఎవరూ లేరు. మెసేజ్ పెట్టాను. మర్నాటికల్లా ఉత్తరం వచ్చింది, ఆరు వాక్యాలు. ఈ అమ్మాయి గుడ్లున్న చోట కాలు పెట్టకుండా వాగు దాటగలదు. చలికి వెరవదు. ఈమె నాటిన కొమ్మలు చాలావరకు బతికాయి. ఒకసారి చెబితే నేర్చుకుంటుంది. ఒడ్డున కదలకుండా కూర్చోగలదు. ఈమెతో కలిసి పనిచేయడం నాకు ఇష్టంగా ఉండేది. కొలతల గురించి ఒక్క ముక్క లేదు. మంచీ లేదు, చెడ్డా లేదు. మూడుసార్లు చదివాను. ఒక్క అబద్ధమైనా దొరికితే నాకు కాస్త ఊపిరాడేది.

మేనేజరు అది చదివి, ఇలాంటి లెటరు ఎప్పుడూ చూడలేదు అని నవ్వి ఉద్యోగం ఇచ్చింది. ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ వచ్చింది, పెళ్ళయింది, మిల్టన్‌లో టౌన్‌హౌస్ కొనుక్కున్నాం. ల్యాబ్‌లో ఇన్నేళ్ళలో నేను ఒక్క నంబరూ వండలేదు. అది గొప్పగా చెప్పడం లేదు, ఆ మాట ఎవరికి చెప్పుకోవాలో వాళ్ళకి చెప్పుకోలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. కేంబ్రిడ్జ్ నాకు అరగంట దూరం. నాలుగు వందల ఒకటి హైవే మీద ఆ ఎగ్జిట్ దాటి ఎన్నిసార్లు పోయానో. ప్రతిసారీ, తిరుగు ప్రయాణంలో ఆగుదాంలే అనుకునేదాన్ని.

పదకొండో రోజు అయ్యాక, ఇంట్లో జనం తగ్గి ఉంటారని చూసుకుని వెళ్ళాను. ఆంటీ నన్ను గుర్తు పట్టరనుకున్నాను. తలుపు తీసి చూస్తూనే, రామ్మా అన్నారు. పైన కూతురు ఎవరితోనో ఇంగ్లీషులో ఇన్సూరెన్స్ గురించి మాట్లాడుతోంది. హాల్లో ఆయన కాలు చాపుకుని కూర్చున్న కుర్చీ అక్కడే ఉంది. ఆంటీ నన్ను అందులో కూర్చోమన్నారు. కూర్చోలేక కింద కార్పెట్ మీద కూర్చున్నాను.

అక్కడ ఏం మాట్లాడాలో దారి పొడుగునా అనుకున్నదంతా పోయింది. మొత్తం చెప్పాను. గోడౌన్, నోట్‌బుక్, వండిన అంకెలు, మీటింగులో కుర్చీ అంచు పట్టుకుని కూర్చోవడం. ఆంటీ, ఆయన మాట పడింది నా వల్ల, ఆ చేపలు పోయింది నా వల్ల అన్నాను. ఆవిడ నా మాటకి అడ్డు రాలేదు. ఆశ్చర్యపోలేదు కూడా. నేను ఆగాక, కొంగుతో తన కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"తెలుసమ్మా. ఆ రోజు ఇంటికి రాగానే చెప్పారు. పిల్ల భయపడిపోయింది, తనే వచ్చి చెబుతుంది, మనం మాత్రం ముందు అడక్కూడదు అన్నారు. ఆ ఆదివారం నీక్కూడా కలిపి వండమన్నారు, వండాను. తర్వాతి ఆదివారమూ వండాను. మూడో ఆదివారం గుత్తివంకాయ చెయ్యమన్నారు, నీకిష్టమని ఎప్పుడో అన్నావటగా. రెండింటి దాకా ఆయన తినలేదు, కిటికీలోంచి బస్టాపు వైపు చూస్తూ కూర్చున్నారు."

నేను తల తిప్పి ఆ కిటికీ వైపు చూశాను.

"నాలుగో ఆదివారం కూడా వండమన్నారు," అన్నారావిడ. "నేనే వండలేదమ్మా. విసుగొచ్చి, ఇంక రాదులెండి అన్నాను."

అది తన తప్పే అన్నట్టు చెప్పారు. చెప్పి, నన్ను క్షమించమన్నట్టు నా చెయ్యి పట్టుకున్నారు.